ఆ యిసుక ఖాళీస్థలము కాదు

సంపాదకవర్గమువారు ఈ సంవత్సరపు సంచికకు నన్నొక వ్యాసము వ్రాయుమని కోరి, విషయమును నా యిష్టమునకే విడిచిరి. ప్రతి సంవత్సరమును పద్యపఠనమును గూర్చియో, అక్షరదోషములను గూర్చియో వ్రాయుట నా వాడుక. దానిని మీలో నెందఱు తుదవఱకు చదువుదురో నాకు తెలియని సంగతి కాదు. ఈసారి నా తప్పునొకదానిని గూర్చి వ్రాయదలచితిని. ఇతరుల తప్పులు దిద్ది జీతము తీసికొనువాడు తన తప్పును గూర్చి యొకమాఱైనను వ్రాయుట న్యాయమే గదా.

నిరుడు జూన్ నెలాఖరున ఎనిమిదవ తరగతివారిచేత "నేను వేసవి సెలవులను గడపిన విధము" అను వ్యాసము వ్రాయించితిని. ఈ శీర్షిక యెంత పాతదో నేనెఱుగుదును. మా గురువుగారును నాచేత దీనినే వ్రాయించిరి. ఒకడు హైదరాబాదులో తన మేనమామ యింటికి పోయి గోలకొండ చూచెను. ఒకతె కంప్యూటరు నేర్చుకొనెను. ఇంకొకడు అరకులోయలో రైలుబండి దూఱిన సొరంగములన్నియు లెక్కపెట్టెనట. సముద్రపుటొడ్డున నున్న జాలరిపేటనుండి వచ్చు బాలుడొకడు మాత్రము ఎక్కడికిని పోలేదు. వాని వ్యాసము ఇరువది పంక్తులు మించదు. ఉదయము తాతతో గూడ ఇసుకలో కూర్చుండి వల కుట్టితిననియు, ఎండ ముదిరిన పిదప పడవనీడను నిద్రించితిననియు, సాయంకాలము త్రాడు లాగితిననియు, రాత్రి అందఱితో బాటు ఇసుకలో పండుకొని పెద్దల మాటలు వింటిననియు వ్రాసి, "ఈ విధముగా 61 దినములు గడచినవి" అని ముగించెను. నేను ఎఱ్ఱసిరాతో ఆ పంక్తి క్రింద గీత గీచి, ప్రక్కన "కాలము వృథా చేసితివి" అని వ్రాసి, పదింటికి నాలుగు మార్కులు వేసితిని.

కొన్నాళ్ళకు తల్లిదండ్రుల సమావేశము జరిగెను. ఆ బాలుని తండ్రి వేటకు పోయినందున తాత వచ్చెను. ఆయన చదువుకొన్నవాడు కాడు. మనుమనిచేత నోటుపుస్తకమును తెఱపించి, ఎఱ్ఱగీతపై వ్రేలుంచి, "మేస్టారూ, ఈ మాటేటండి?" అని యడిగెను. నేను చెప్పితిని. ఆయన కోపింపలేదు, కొంచెము నవ్వెను. "ఏడాదంతా సిరిగిన వల ఆడూ నానూ కూకోని కుట్టినామండి. వల లేకపోతే ఈడి పుస్తకాలకి డబ్బులెక్కడివి? మళ్లీ ఏసవికి ఒకపాలి మా పేటకి రండి. సూసినాక అప్పుడు రాద్దురుగాని" అని నమస్కరించి వెడలిపోయెను.

విశాఖపట్టణమున నేను ఇరువది సంవత్సరములనుండి నివసించుచున్నాను. మా యింటినుండి ఆ పేటకు రెండు మైళ్ళు కూడ ఉండదు. కాని ఆ యిసుకలో నొక్కనాడైన నడచినవాడను కాను. సాయంకాలము బీచిరోడ్డుమీదనుండి సముద్రమును చూచి, చల్లగాలి పీల్చి, మరలి వచ్చుటయే నా యలవాటు. ఈ వేసవిలో మాటకు కట్టుబడి పోయితిని. ఒకమాఱు పోదమనుకొన్నవాడను పదునాలుగు మాఱులు పోయితిని. పేట పేరును మనుష్యుల పేళ్ళను వ్రాయవలదని అక్కడి పెద్దలు కోరినందున వ్రాయలేదు.

మన తూర్పుతీరమున ప్రతి సంవత్సరము ఏప్రిల్ 15వ తేదీ మొదలు జూన్ 14వ తేదీ వఱకు 61 దినములు ఇంజను పడవలతో సముద్రపు వేట నిషిద్ధము. చేపలు గ్రుడ్లు పెట్టు కాలములో వానిని పట్టరాదని ఈ నియమమేర్పడినది. 2015కు ముందు ఈ గడువు 47 దినములే. ఇంజనులేని తెప్పలకు నిషేధము లేదు గాని, దుంగలను త్రాళ్ళతో బిగించి కట్టిన పాత తెప్పలు ఇప్పుడు అరుదు. వాని చోట ఫైబరు పడవలును, వెనుక తగిలించు ఇంజనులును వచ్చినవి. అందుచేత ఆ రెండు నెలలు పేటలోని పడవలలో పెక్కులు ఇసుకమీదనే యుండును. పట్టణమువారు రోడ్డున పోవుచు, పడవల నీడలో గుంపులుగా కూర్చున్న మగవారిని చూచి, పనిలేని వారనుకొందురు. నేనును అట్లే యనుకొంటిని గదా.

ఆ గుంపులలో నొకదానియందు మొదటి దినమున నాకొక పీట వేసిరి. అక్కడ ఎనిమిదిమంది కూర్చుండి ఒక్క వలనే కుట్టుచుండిరి. వల యనగా నాకు తెలిసినది బొమ్మలలోని వల. ఇసుకపై పఱచిన యా వలను ఒక కొననుండి యింకొక కొనకు చూచుటకు నేను లేచి నిలుచుండవలసి వచ్చెను. రాళ్ళకు తగిలి చిరిగినచోట్లు కొన్ని, పెద్దచేప కొఱికి పోయినచోట్లు కొన్ని. వెదురు సూదికి నైలాను దారము చుట్టి, చిన్నబద్దతో కన్ను కొలుచుచు, ముడి వెంబడి ముడి వేయుదురు. కన్ను చిన్నదైన పిల్లచేపలు చిక్కును. పెద్దదైన కోరిన చేప జాఱిపోవును. కవళ్ళ వలకు ఒక కన్ను, వంజరపు వలకు ఒక కన్ను. పూర్వము నూలువలలుండెడివనియు, చెట్టుబెరడు కాచిన రసములో వానిని నానవేసి ఆఱబెట్టకున్న క్రుళ్ళిపోయెడివనియు ముసలివారు చెప్పిరి. బెండ్లు మార్చుట, సీసపు గుండ్లు బిగించుట, పడవ అడుగును గీకి పగుళ్ళు పూడ్చుట, ఇంజను విప్పి నూనెతో కడుగుట, ఇవన్నియు ఈ రెండు నెలలలోనే జరుగవలెను. జూన్ 15వ తేదీ వచ్చినచో ఎవరికిని తీఱిక యుండదు.

ఆ బాలుడు తాత ప్రక్కన కూర్చుండి కుట్టుచుండెను. తరగతిలో సంధి విడదీయుమన్న తల వంచుకొనువాడు, అక్కడ నావైపు చూడకయే ముడులు వేయుచుండెను. నేనును ఒక కన్ను కుట్టుటకు ప్రయత్నించితిని. దానిని వాడు మర్యాదగా విప్పి మరల కుట్టెను. ఎఱ్ఱసిరా వాడలేదు.

మఱియొక దినమున తాత ఇసుకలో పుల్లతో బొమ్మ గీచుచుండగా చూచితిని. సముద్రములో అడుగున బండలుండు చోట్లు కలవు. అక్కడ చేపలు కూడును, వలయు చిరుగును. నీటిపైనుండి చూచిన ఆనవాలేమియు లేదు. ఆ చోటును కనుగొనుటకు వీరి పద్ధతి యిది. ఒడ్డుననున్న తాటిచెట్టును, దాని వెనుక దూరముననున్న కొండకొనయు ఒకే వరుసలోనికి వచ్చువఱకు పడవను నడపుదురు. ఆ వరుస తప్పకుండ పోవుచు, వేఱొక దిక్కున మఱి రెండు గుఱుతులు, దీపస్తంభమును యారాడకొండ అంచును అనుకొనుడు, ఒకటి వెనుక నొకటి కలియు క్షణమున నిలుపుదురు. క్రింద బండ యుండును. లోతు ఎన్ని బారలో త్రాడు దింపి చూతురు. నేను దీనిని మా లెక్కల మాస్టరుగారితో చెప్పగా, ఆయన చాలసేపు ఊరకుండి, "రెండు సరళరేఖలు ఒక్క బిందువునందే ఖండించుకొనును అని నేను ఇరువదియేండ్లుగా చెప్పుచున్నాను, ఆ బిందువున చేప యుండునని నాకు తోచలేదు" అనిరి. ఇప్పుడు సెల్‌ఫోనులో ఉపగ్రహముల సాయమున చోటు తెలియునుగదా యని నేను తాతనడిగితిని. తెలియుననియు, తానును వాడుదుననియు, ఫోను తడిసిన దినమునకు కొండలు అక్కఱకు వచ్చుననియు ఆయన చెప్పెను. చుట్టు మేడలు లేచి కొండలను కప్పుచున్నవి. కొన్ని పాతగుఱుతులు పోయినవి. కొన్ని మేడలే క్రొత్త గుఱుతులైనవి. వీని నన్నిటిని ఆ బాలుడు ఈ వేసవులలోనే నేర్చుచున్నాడు. వేటకాలములో పెద్దలకు నేర్పుటకు వ్యవధి లేదు. వానికి బడి యుండును.

సాయంకాలపు మాట చెప్పెదను. మధ్యాహ్నము తిరిగిన పిదప సముద్రపుగాలి వీచుట మొదలుపెట్టును. ఇరుకైన యిండ్లు, రేకుల పైకప్పులు, వానిలో పగలంతయు పొయ్యివంటి వేడి. అందఱును ఇసుకకు దిగుదురు. కొన్ని దినములలో పెద్దవల వేయుదురు. దీనిని అలివివల యని కూడ అందురు. ఒక త్రాడు కొన ఒడ్డుననే విడిచి, తెడ్లతో నడచు పడవలో వలను సముద్రములోనికి కొనిపోయి, అర్ధచంద్రాకారముగ చుట్టి, రెండవ త్రాడును కొంతదూరమున ఒడ్డునకు తెత్తురు. పిదప రెండు గుంపులు రెండు త్రాళ్ళను లాగుచు, క్రమముగా నొకరివైపునకొకరు జరుగుదురు. ఇంజనుతో పనిలేదు, చేతులతోనే పని. మగవారు, ఆడువారు, బడిపిల్లలు, పట్టణమున ఆటో నడపి అప్పుడే వచ్చిన యువకుడు, అందఱును పట్టుకొందురు. త్రాడు పట్టినవానికి పాలు కలదు. ఒక ముసలమ్మ త్రాడు చివర పట్టుకొని నిలుచుండుటయే గాని లాగలేదు. నేను దానిని గమనించినట్లు గ్రహించి నా ప్రక్కనున్నవాడు, "ఆవిడ పట్టుకుంటే సాలండి" అనెను. ఆమెకును పాలు వచ్చెను. ఆనాడు పడినవి రెండు గంపల నెత్తళ్ళు, కొన్ని సావళ్ళు మాత్రమే. నలుబదిమంది లాగిన దానికి అది యేమంత యెక్కువ గాదు. కాని వల ఒడ్డునకు చేరు తుదిక్షణమున ఆ నలుబదిమంది చేసిన కేక నా చెవులలో నింకను ఉన్నది.

ఆడువారి సంగతి వేఱుగా చెప్పవలెను. ఏలయన పట్టణమువారు వల కుట్టు మగవారినైన చూతురు గాని, వీరి పనిని పనిగా చూడరు. వేటకాలములో పడవ యొడ్డు చేరగనే పాట పాడుదురు. ఎక్కువ పాడినవారు గంపలు నింపుకొని నెత్తిపై పెట్టుకొని వీధులకు పోవుదురు. నిషేధకాలములో పచ్చిచేప తక్కువ. అప్పుడు ఎండుచేపయే ఆధారము. ఉప్పు పట్టించిన చేపలను వలపట్టలమీద పఱచి, గంటకొకసారి తిరుగవేయవలెను. కాకులను, కుక్కలను తోలవలెను. మబ్బు పట్టిన క్షణమున అందఱివియు ఎత్తవలెను. ఎవరివి వారు మాత్రమే ఎత్తిన సగము తడిసిపోవును. అందుచే ఎవరి చేతికి దగ్గఱనున్నది వారెత్తుదురు. మన పాఠశాలయందు తొమ్మిదవ తరగతి చదువు బాలికయొకతె తన తల్లి లెక్కలన్నియు ఒక పాతపుస్తకములో వ్రాయుచుండుట చూచితిని. ఎవరికి ఎన్ని కిలోలు అప్పిచ్చినది, ఎవరు తీర్చినది, ఉప్పు ఖర్చెంత, ఆటో ఖర్చెంత. తరగతిలో ఆమె లెక్కలలో మందమతి యని నేను విని యుంటిని. ఆ పుస్తకములో కొట్టివేత యొక్కటియు కనబడలేదు.

రాత్రులయందు చాపలు దిగును. తాటిముంజెల గంప యొకటి ఎవరో తెత్తురు. మామిడిపండ్లు ఎవరో కోయుదురు. వేసవిలోనే పెండ్లిండ్లు కుదురును, వేసవిలోనే జరుగును. మగవారందఱును ఒడ్డుననుండు కాలము మఱియొకటి లేదు. తగవులు తీర్చుటయు ఇప్పుడే. ఒకని వలమీద వేఱొకని పడవ పోయి వల తెగిన సంగతి యొకటి మూడురాత్రులు నడచెను. ఖరీదులో సగము ఒకరు, కుట్టుటకు కావలసిన పని రెండవవారు అని తేల్చిరి. తుపానుల మాట ప్రతిరాత్రి వచ్చును. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను ఈ పట్టణముమీదనే దాటినప్పుడు ఎవరి పడవ ఎక్కడకు కొట్టుకొనిపోయినది, ఎవరు ఎవరి గోడనీడను దాగినది, పేరుపేరున చెప్పుదురు. ఆ తుపానునాటికి పాలు త్రాగు బిడ్డలైనవారు ఆ కథలను తాము చూచినట్లే చెప్పుచుండిరి. తుపాను వచ్చునపుడు ఏ పడవలో ఎవరున్నారో, ఏ యింట ముసలివారున్నారో కాగితము చూడకయే చెప్పగల పేట యిది. ఆ తెలివి ఈ చాపలమీద పుట్టినదని నా యూహ.

నేనిది వర్ణించుచు పేటయంతయు స్వర్గమని చెప్పుచున్నానని యనుకొనకుడు. అక్కడ త్రాగుడు కలదు. తీఱికయైన వేసవిలో అది హెచ్చును. చెత్త కలదు, దానిలో కొంత వారిది, కొంత సాయంకాలము షికారు వచ్చు మనది. అప్పు కలదు. నిషేధకాలపు భృతి 2019లో కుటుంబమునకు 10,000 రూపాయలుగా నుండి, 2025లో 20,000 రూపాయలయ్యెను. పెరిగినమాట నిజమే. 61 దినములకు పంచి చూచిన దినమునకు సుమారు 328 రూపాయలు. అయిదుగురున్న యింట అది బియ్యమునకు, పప్పునకు, వంటగ్యాసునకు చాలిన, వలదారమునకు చాలదు. దారమునకు అప్పు చేయుదురు. ఆ యప్పు వేటకాలపు చేపతో తీఱును, లేక తీఱక నిలుచును. ఇది గాక, చదువుకొన్న కొందఱు యువకులు తమ పేట పేరు చెప్పుకొనుటకే సిగ్గుపడుచున్నారు. ఆ సిగ్గులో కొంతభాగము నావంటి ఉపాధ్యాయులు ఎఱ్ఱసిరాతో వ్రాసి యిచ్చినదే.

ఇక నేనీ వ్యాసమును వ్రాయుటకు అసలు కారణము. మే నెలలో నొక కార్యాలయమునుండి ఇద్దఱు వచ్చి, ఇసుకను చదునుచేసి, దీపములు వెలిగించి, బల్లలు వేసి, నడచువారికి సౌకర్యము కలిగింతుమనియు, అందుకొఱకు పడవలను, వలలను రోడ్డునకు అవతలనున్న స్థలమునకు మార్చుకొనవలసినదనియు చెప్పి పోయిరి. వారు మర్యాదగనే చెప్పిరి. వారి చేతిలోని పటములో ఆ చోట "ఖాళీస్థలము" అని యుండెను. ఆ మాటను చూడగానే నాకు నా "వృథా" యను మాట జ్ఞప్తికి వచ్చెను. రెండును ఒక్కటే. ఒకటి కాలమును గూర్చినది, ఒకటి స్థలమును గూర్చినది. రెంటిని వ్రాసినవారు రోడ్డుమీదనుండి చూచి వ్రాసినవారే.

మనలో పెక్కుమంది పొలము పుట్రలున్న గ్రామములనుండి వచ్చినవారము. ప్రతి గ్రామమునను కళ్ళమనునది యొకటి కలదు. కోతలకాలమున తప్ప సంవత్సరములో మిగిలిన నెలలన్నియు అది బోసిగనే యుండును. పిల్లలు అందులో చెడుగుడు ఆడుదురు, పశువులు పండుకొనును. అయినను దానిని ఖాళీస్థలమని ఏ కరణమును వ్రాసియుండడు. నూర్చుట అక్కడనే గదా జరుగవలెను. ఈ యిసుకయు సముద్రపు కళ్ళమే. వల ఆఱుటకు, చేప ఎండుటకు, పడవను దుంగలమీద నెట్టి నీటిలోనికి దింపుటకు అలకు ఎదురుగనున్న వాలు కావలెను. రోడ్డునకు అవతల గాలి తగులదు, వాలు లేదు, బండ్ల దుమ్ము చేపలమీద పడును. ఫైబరు పడవను ఇంజనుతో సహా మోసికొని, కార్లు పోవు రోడ్డును తెల్లవాఱుజామున దాటుట యెట్లో చెప్పినవారు లేరు.

సముద్రము పట్టణమువారందఱిదియు గదా, ఒక పేటవారిదేనా యని నా మిత్రుడొకడు వాదించెను. అతని వాదమునందు న్యాయము లేకపోలేదు. పగలంతయు కార్యాలయములలో ఉడికినవారికి సాయంకాలము గాలి కావలెను. వారి పిల్లలకు ఇసుక కావలెను. కాని సంగతి చూడుడు. మన తీరమున ఇసుక దక్షిణమునుండి ఉత్తరమునకు అలలవెంట ప్రయాణము చేయుచుండును. 1933లో తెఱచిన రేవునకును, 1970ల దశకమున వెలుపలి హార్బరునకును కట్టిన అడ్డుగోడలచేత ఆ ప్రయాణము ఆగి, ఉత్తరముననున్న బీచి కోతకు గుఱియగుచున్నది. అందుకే రేవువారు త్రవ్విన యిసుకను యంత్రములతో ఇటు పోయించుచున్నారు. రేవు వద్దని నేననను. ఈ పట్టణము దానివలననే బ్రతుకుచున్నది. కాని ఇసుక తఱుగుచున్నపుడు, తఱిగిన భాగమంతయు షికారువారిదే యని ఎవరును అనరు. తఱిగినది పడవలవారి పాలు, మిగిలినది మన పాలు! పాళ్ళు పంచుట త్రాడు లాగువారికి తెలిసినంత మనకు తెలియదు.

నా యభిప్రాయమిది. పడవలు నిలుచు చోటునుండి అలవఱకు గల యిసుకను ఆ పేటవారి పనిస్థలముగా పటములో పేరుపెట్టి గుర్తింపవలెను. ప్రొద్దుటినుండి ఎండ వాలువఱకు అక్కడ వలలు, చేపలు ఉండును; సాయంకాలము మనము నడచిపోవచ్చును, చేపలపై త్రొక్కక, వలలపై మోటారుసైకిలు నడపక. దీపములు కావలయునన్న వేయుడు, వారికిని మంచిదే. బల్లలు మాత్రము రోడ్డుప్రక్కన వేయుడు. తీరప్రాంత నియంత్రణ ప్రకటన 1991లో మొదట వచ్చి, 2011లోను 2019లోను మార్పు చెందినది. మత్స్యకారుల బ్రతుకుతెరువును కాపాడుట దాని యుద్దేశములలో నొకటియని అందులోనే యున్నది. క్రొత్తగా దయ చూపుమని ఎవరిని అడుగుటలేదు.

ఈ మాటలనే అర్జీగా వ్రాసిపెట్టుమని పేటపెద్దలు నన్ను కోరిరి. జూన్ మొదటివారమున నొక రాత్రి, చాపలమధ్య, ఒక ఫోనుదీపము వెలుతురున కూర్చుండి వ్రాసితిని. "ఇచ్చట జరుగు పనులు" అని శీర్షిక పెట్టి, చెప్పుడనగానే ఒకరి తరువాత నొకరు చెప్పసాగిరి. వల కుట్టుట, పడవ దింపుట, పాట పాడుట, చేప ఎండబెట్టుట. ఒకామె, "పెళ్లిమాటలు కూడా రాయండి" అనెను. అర్జీలో అది యుండరాదని నేనంటిని. "మరి అవి ఎక్కడ జరుగుతాయండి?" అని యామె యడిగెను. వ్రాసితిని. నాలుగు పుటలయ్యెను. నూటముప్పది వ్రేలిముద్రలు, సంతకములు పడినవి. సంతకములలో నెక్కువభాగము మన పాఠశాలలో అక్షరములు దిద్దినవారివే. నేనిది వ్రాయునాటికి ఆ యర్జీకి సమాధానము రాలేదు. పడవలు మాత్రము ఉన్నచోటనే యున్నవి.

జూన్ 14వ తేదీ రాత్రి మరల పోయితిని. పన్నెండు గంటలు దాటగనే పడవలు నీటిలోనికి నెట్టిరి. ఒక్కొక్కదానికి పదిమంది భుజములు. ఇంజనుల చప్పుడు దూరమై, దీపములు చిన్నవై, కొంతసేపటికి నక్షత్రములనుండి వానిని వేఱుచేయుట కష్టమయ్యెను. ఒడ్డున మిగిలినది ఆడువారు, ముసలివారు, పిల్లలు, నేను. ఆ బాలుడు నా ప్రక్కన నిలుచుండి, ఏ దీపము ఎవరిదో చెప్పుచుండెను.

నిరుటి నోటుపుస్తకమును తెచ్చుమని వానికి ముందే చెప్పియుంటిని. ఫోనువెలుతురున దానిని తెఱచి, నేను వ్రాసిన మాటను కొట్టివేసి, ప్రక్కన నా సంతకము చేసితిని. వాడు కొంచెముసేపు చూచి, "మరి మార్కులు మాస్టారూ?" అని యడిగెను. వ్యాసమును మరల మొదటినుండి చదివి, ఏడు వేసితిని. ఇంకొకటి వేయవచ్చును గాని, అక్షరదోషములు మూడు కలవు.